గేర్లు లేని సైకిలు మీద నెల్లిమర్ల దాకా: అమ్మే ముందు ఫ్రీవీలు మార్చండి

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇల్లు విజయనగరంలో, ఉద్యోగం నెల్లిమర్లలో, ఒక్కో వైపు మీ లెక్కన తొమ్మిది కిలోమీటర్లు. సెకండ్‌హ్యాండులో గేర్లు లేని సైకిలు కొన్నారు. ముందు పెడళ్ల దగ్గరి చైన్‌వీలుకి 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకి, అంటే వెనక చక్రానికి బిగించిన పళ్లచక్రానికి, 16, చక్రాలు 700సి సైజు, టైర్లు 35 మిల్లీమీటర్ల వెడల్పు. వారం తొక్కేసరికి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి పట్టింది, రెండుసార్లు చైను పడిపోయింది, సాయంత్రం ఎదురుగాలికి నీరసం వచ్చేస్తోంది. అమ్మేసి గేర్ల సైకిలు కొనుక్కోమని స్నేహితులు అంటున్నారు. ఏం చెయ్యాలని అడిగారు.

అమ్మకండి. ఆ సైకిలు మంచిదే. దానికి వేసిన పళ్ల లెక్క మీ దారికీ, మీ కాళ్లకీ సరిపోలేదు, అంతే. నేను ఇరవై ఏళ్లకి పైగా ఇదే దారిలో, మీకు ఎదురు దిశలో, నెల్లిమర్ల నుంచి పట్నంలో బడికి గేర్లు లేని సైకిలు మీదే వచ్చాను. జూట్ మిల్లు షిఫ్టు వదిలే వేళకి ఆ రోడ్డు నిండా సైకిళ్లే ఉండేవి, ఒక్కదానికీ గేర్లు ఉండేవి కావు. యాభై దాటినవాళ్లు కూడా వెనక బియ్యం మూట కట్టుకుని తాపీగా తొక్కుకుంటూ పోయేవారు. వాళ్ల కాళ్లు ఇనుముతో చేసినవేం కావు. కాకపోతే వాళ్ల ఫ్రీవీళ్లు పెద్దవి.

పళ్ల లెక్క ముందు అర్థం చేసుకోండి, మిగతాదంతా దాని వెనకే వస్తుంది. ముందున్న 44ని వెనకున్న 16తో భాగిస్తే 2.75. అంటే పెడలు ఒక్క చుట్టు తిరిగితే వెనక చక్రం రెండుమ్ముప్పావు చుట్లు తిరుగుతుంది. మీ టైరు చుట్టుకొలత సుమారు రెండు మీటర్ల పదిహేడు సెంటీమీటర్లు, కాబట్టి ఒక్క తొక్కుడికి దాదాపు ఆరు మీటర్లు పోతారు. వినడానికి బావుంటుంది గానీ, ఆ ఆరు మీటర్ల బరువూ మోకాలి మీదే పడుతుంది. వెనక 18 వేస్తే తొక్కుడికి 5.3 మీటర్లు, 20 వేస్తే 4.8 మీటర్లు వస్తాయి. నిమిషానికి డెబ్బై చుట్లు తిప్పారనుకోండి, 16తో గంటకి 25 కిలోమీటర్లు, 18తో 22, 20తో సరిగ్గా 20. మీ తొమ్మిది కిలోమీటర్లకి 16కీ 20కీ తేడా కాగితం మీద అయిదు నిమిషాలు. రోడ్డు మీద అదీ ఉండదు, ఎందుకంటే 16 పళ్లతో నిమిషానికి డెబ్బై చుట్లు తొమ్మిది కిలోమీటర్ల పొడుగునా మీరు తిప్పలేరు. యాభైకి పడిపోతారు, ఒక్కో తొక్కూ బలవంతంగా నొక్కుతారు. మీ మోకాలి నొప్పికి మొదటి కారణం ఇదే అని నా నమ్మకం.

నాకూ ముప్ఫై ఏళ్ల వయసులో ఇదే వచ్చింది. అప్పటి నా సైకిలు ముందు 48, వెనక 18, చక్రాలు 28 అంగుళాలు. లెక్క వేస్తే మీ దానికి దగ్గరే. మోకాళ్లకి జండూబామ్ రాసుకుంటూ ఆర్నెల్లు గడిపాను. మా వీధి చివర చెట్టు కింద కూర్చునే మెకానిక్కు ఒకాయన ఓ రోజు చైను చూసి, "ఏటి మాస్టారూ, ఇంత బరువు పళ్లు ఏసుకుని మోకాళ్లు అరగదీసుకుంతన్నారు? పెద్ద ఫ్రీవీలు ఎయ్యమంతారా?" అన్నాడు. 22 పళ్లది వేశాడు. మొదటి రెండు రోజులూ కాళ్లు గాల్లో తిరుగుతున్నట్టుంది, ముందుకి పోతున్నానో లేదో అనిపించింది. నెల తిరిగేసరికి నొప్పి మర్చిపోయాను. బడికి చేరే టైము మాత్రం మూడు నిమిషాలే పెరిగింది.

మీకు 20 పళ్ల ఫ్రీవీలు చెబుతాను. దొరక్కపోతే 18తో సర్దుకోకండి, 22 తీసుకోండి. ఆ రెండిట్లో తేలికదే మంచిది. మామూలు నల్ల సైకిళ్ల ఫ్రీవీళ్లు చాలావరకు మీ హబ్బు (చక్రం నడిమి భాగం) మర మీదకి ఎక్కుతాయి, అయినా పాతది పట్టుకెళ్లి మర కలిపి చూసుకునే కొనండి. చైను వెడల్పు కూడా చూడాలి. గేర్లు లేని సైకిళ్లకి సాధారణంగా అంగుళంలో ఎనిమిదో వంతు వెడల్పు చైను వస్తుంది, గేర్ల సైకిలు చైను అంతకన్నా సన్నం. వెడల్పు పళ్లున్న ఫ్రీవీలు మీద సన్నం చైను కూర్చోదు.

పాత ఫ్రీవీలు విప్పడం ఇంట్లో పని కాదు. మనం తొక్కే ప్రతి తొక్కుకీ అది ఇంకా బిగుసుకుంటుంది. గాళ్లున్న రకమైతే ఆ గాళ్లలో కూర్చునే పుల్లరు కావాలి, దాన్ని వైస్‌లో బిగించి చక్రాన్నే ఎడమకి తిప్పాలి. సుత్తితో కొడితే గాళ్లు ఊడిపోతాయి, ఆ తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు. పుల్లరు ఉన్న షాపుకే వెళ్లండి. కొత్తది ఎక్కించే ముందు మర మీద గ్రీజు రాయించండి. అడక్కపోతే చాలామంది రాయరు.

16 తీసి 20 వేస్తే పాత చైను సరిపోతుందా అని అనుమానం రావచ్చు. ఒక్కో పన్ను పెరిగినప్పుడు వెనక ఇరుసు సుమారు మూడు మిల్లీమీటర్లు ముందుకి జరగాలి, నాలుగు పళ్లకి పన్నెండు. ఇరుసు కూర్చునే గాడిలో అంత చోటుంటే పాత చైనే చాలు. కానీ సెకండ్‌హ్యాండు సైకిలు కదా, ముందు చైను కొలవండి. స్టీలు స్కేలు పెట్టి ఒక పిన్ను మధ్య నుంచి 24 ఖాళీలు లెక్కపెడితే కొత్త చైను సరిగ్గా 12 అంగుళాలు ఉంటుంది. అంగుళంలో పదహారో వంతు పెరిగిందంటే చైను మార్చాలి. ఎనిమిదో వంతు పెరిగితే ఆ చైను పళ్లని కూడా తినేసి ఉంటుంది. సాగిన చైనుని కొత్త ఫ్రీవీలు మీద వేస్తే పళ్ల మీద నుంచి జారుతుంది, కొత్త ఫ్రీవీలు కూడా తొందరగా పాడవుతుంది.

మీ చైను రెండుసార్లు పడిపోవడానికి కారణం దాదాపుగా వదులే. గేర్ల సైకిలుకైతే వెనక ఒక స్ప్రింగు చైనుని లాగి పట్టుకుంటుంది. మనకి అది లేదు, వెనక చక్రాన్ని ఎంత వెనక్కి లాగి బిగించామన్నదే మన బిగువు. పెడల్ని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ చైను మధ్యలో వేలితో పైకీ కిందకీ ఆడించండి. చైన్‌వీలు అచ్చంగా గుండ్రంగా ఉండదు గనక ఒకచోట బిగువు, ఒకచోట వదులు కనిపిస్తుంది. బిగువైన చోట అరంగుళం ఆడాలి. అంతకన్నా బిగిస్తే పెడలు బరువెక్కి బేరింగులు అరుగుతాయి, వదిలేస్తే గతుకుల్లో చైను ఎగిరి పడుతుంది. అలాగే వెనక నుంచి ఒక కన్ను మూసి చైన్‌వీలూ ఫ్రీవీలూ ఒకే గీతలో ఉన్నాయా చూడండి. వంకరగా ఉంటే ఎంత బిగించినా కరకర మంటూనే ఉంటుంది.

వెనక నట్లు బిగించడం గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఇందులో నేను దెబ్బ తిన్నాను. ఓ సాయంత్రం ఎత్తు బ్రిడ్జి ఎక్కుతూ సీటు మీంచి లేచి బలంగా తొక్కాను. ముందురోజు పంక్చర్ వేయించుకున్నాను, వేసినతను కుడి నట్టు సరిగా బిగించలేదు, నేనూ చూసుకోలేదు. చైను లాగుడంతా కుడివైపే ఉంటుంది కదా, ఇరుసు కుడివైపు ముందుకి జారి చక్రం అడ్డంగా తిరిగింది. టైరు ఎడమ ఫ్రేముకి పట్టేసి సైకిలు ఉన్నచోటే ఆగిపోయింది, నేను కుడి చేతి మీద పడ్డాను. మణికట్టుకి మూడు వారాలు కట్టు. వెనక నుంచి వస్తున్న ఆటో ఆగింది కాబట్టి ఇవాళ మీకు ఇది రాస్తున్నాను. అందుకని చక్రం విప్పిన ప్రతిసారీ, ఎవరు బిగించినా సరే, మీ చేత్తో మీ పానాతో మరోసారి చూసుకోండి. మొదట వెనక చక్రాన్ని వెనక్కి లాగి కుడి నట్టు కాస్త బిగించాలి, తర్వాత టైరు రెండు ఫ్రేము గొట్టాల మధ్య సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూసి ఎడమ నట్టు, ఆఖరున రెండూ గట్టిగా. మీ నట్టుకి 15 నంబరు పానా సరిపోవచ్చు, ఒకసారి పెట్టి చూసి, సరిపోయినది సీటు కింద సంచిలో ఎప్పుడూ ఉంచండి.

సీటు ఎత్తు మోకాలి నొప్పికి రెండో కారణం. మన దగ్గర అందరం చేసే పని ఒకటే, సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాలి అనుకుంటాం. అంత కిందకి దించితే మోకాలు ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది, చిప్ప మీద ఒత్తిడి పడుతుంది. గోడకి ఆనుకుని కూర్చుని మడమ పెడలు మీద పెట్టి అట్టడుక్కి తిప్పండి, కాలు నిటారుగా చాచుకోవాలి. తర్వాత పాదం ముందుభాగం, అంటే బొటనవేలి కింద ఉబ్బుగా ఉండే చోటు, పెడలు మీద పెడితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది. అదే ఎత్తు. ఆగినప్పుడు ఒక కాలి వేళ్లు మాత్రమే నేలకి ఆనతాయి, లేదా సీటు మీంచి ముందుకి దిగాలి. రెండు రోజులు భయంగా ఉంటుంది, అలవాటైపోతుంది. ఒకేసారి పెంచకుండా రోజుకి అర సెంటీమీటరు చొప్పున పెంచుకోండి. ఎప్పుడైనా మోకాలి వెనక నరం లాగితే ఎక్కువ లేపేశారని అర్థం, కాస్త దించండి. హ్యాండిలు సీటుకి సమంగానో కాస్త పైనో ఉంటే చాలు. మీరు పరుగు పందేనికి పోవడం లేదు.

గాలి వారానికోసారి కొట్టించండి. మెత్తబడిన టైరుతో ఏ పళ్లయినా బరువే, జనం పళ్లని తిట్టుకుంటారు. టైరు పక్కన ఎంత నుంచి ఎంత దాకా అని అచ్చు వేసి ఉంటుంది. మీ బరువు డెబ్బై కిలోల లోపైతే 35 టైరుకి వెనక 55 పిఎస్‌ఐ, ముందు 50 నాకు నచ్చిన లెక్క, టైరు మీద రాసిన హద్దులోనే ఉండాలి సుమా. రోడ్డు వారన సర్కారు తుమ్మ ముళ్లు ఉంటాయి, అంచుకి మరీ దిగకండి. ఒక ట్యూబు, చిన్న పంపు వెంట ఉంచుకోండి.

బ్రేకుల విషయంలో ఒక్క మాట. మీ చక్రానికి రెండోవైపు కూడా మర ఉండవచ్చు, దానికి ఫ్రీవీలు లేని పళ్లచక్రం వేస్తే చక్రంతోపాటు పెడలు తిరుగుతూనే ఉంటుంది. కుర్రాళ్లు వీడియోల్లో అది చూసి మోజు పడుతున్నారు. గంటస్తంభం దగ్గర ఆవులూ ఆటోలూ మధ్య అది వద్దు. ముందూ వెనకా రెండు బ్రేకులూ పట్టాలి. సైకిలుని నిజంగా ఆపేది ముందు బ్రేకే. పల్టీ కొడతామని దాన్ని వాడకుండా వెనకదే పట్టుకునేవాళ్లు వానలో జారిపడతారు. రెండూ కలిపి, శరీరం వెనక్కి వేసి నొక్కడం ఖాళీ మైదానంలో ఓ గంట అలవాటు చెయ్యండి. వానలో రిమ్ము తడిస్తే బ్రేకు ఆలస్యంగా పడుతుంది, కూడలికి కాస్త ముందే తేలిగ్గా నొక్కి నీళ్లు తుడిచేయండి.

ఇవన్నీ చేశాక కూడా మొదటి వారం మీకు ఇబ్బందిగానే ఉంటుంది. గేర్లున్న సైకిలు మీద చేత్తో మార్చేది, ఇక్కడ కాలి తిప్పుడుతో మార్చాలి. అందుకే తిప్పుడు లెక్కపెట్టడం నేర్చుకోండి. కుడి మోకాలు పైకి వచ్చిన ప్రతిసారీ లెక్కపెడుతూ పదిహేను సెకన్లలో 17, 18 వచ్చాయంటే నిమిషానికి డెబ్బై. తీరికగా పోతుంటే అరవై, గాలి తోడుంటే ఎనభై. యాభైకి దిగిందంటే ఎక్కడో నొక్కుడెక్కువైంది. నొక్కడం కాదు, తిప్పడం. తిరగలి తిప్పినట్టు గుండ్రంగా, పై నుంచి కిందకే కాదు, కింద నుంచి వెనక్కి కూడా.

ఆగి బయల్దేరేటప్పుడు కుడి పెడలు గడియారంలో రెండు గంటల ముల్లు చోట ఉండాలి. ఫ్రీవీలు కాబట్టి ఆగే ముందే వెనక్కి తిప్పి పెట్టుకోవచ్చు. సైకిలు కదిలేదాకా సీటు మీద కూర్చోకుండా నిలబడి ఒకటి రెండు తొక్కులు తొక్కండి. దూరం నుంచే సిగ్నలూ స్పీడుబ్రేకరూ చూసుకుని, పూర్తిగా ఆగకుండా నెమ్మదించి దాటడం అలవాటైతే సగం శ్రమ తగ్గుతుంది.

ఎదురుగాలి సంగతి. నెల్లిమర్ల మనకి ఈశాన్యంగా ఉంది. వేసవిలోనూ నైరుతి రుతుపవనాలప్పుడూ సాయంత్రం గాలి దక్షిణం, నైరుతి దిక్కుల నుంచి కొడుతుంది, ఇంటికి వచ్చేటప్పుడు అది నేరుగా మీ ముఖానికే. కార్తీకం వచ్చాక గాలి తిరుగుతుంది, అప్పుడు పొద్దున్న ఎదురు, సాయంత్రం తోడు. గాలితో పోట్లాడకండి. పొద్దున్న ఇరవైలో వెళ్లారు కాబట్టి సాయంత్రం కూడా ఇరవైలోనే రావాలనే పట్టుదలే మిమ్మల్ని నీరసపెడుతోంది. పదిహేడుకి దించండి, మోచేతులు వంచి వెన్ను కొంచెం వాల్చండి, తిప్పుడు మాత్రం అరవైకి తగ్గనివ్వకండి. ఇంటికి అయిదు నిమిషాలు ఆలస్యమవుతుంది, కానీ అన్నం తినే ఓపిక ఉంటుంది.

మీ దారిలో ఎత్తు బ్రిడ్జి తగులుతుందో లేదో నాకు తెలీదు, తగలకపోయినా ఓ ఆదివారం పొద్దున్నే వెళ్లి ఎక్కి చూడండి, కొత్త పళ్లకి అదే పరీక్ష. కింద నుంచి కాస్త వేగం పట్టుకుని, సగం దాకా కూర్చుని, బరువెక్కాక లేచి నిలబడి తొక్కాలి. అప్పటికీ కాకపోతే దిగి నడిపించండి, అందులో తప్పేమీ లేదు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కాలన్న కోరిక ఉంటే మాత్రం మీ స్నేహితుల మాట నిజం, దానికి గేర్లు కావాలి. రోజూ నెల్లిమర్లకి అక్కర్లేదు.

మొదటి వారం మూడు రోజులే తొక్కండి, మధ్యలో ఒక్కో రోజు విడుపు. రెండో వారం నాలుగు, మూడో వారం నుంచి రోజూ. వేసవిలో ఆరున్నరకే బయల్దేరండి, ఉప్పు వేసిన మజ్జిగ సీసా పెట్టుకోండి. వీపు మీద బ్యాగు వద్దు, ఈ ఉక్కపోతకి చొక్కా మొత్తం తడిసిపోతుంది. వెనక క్యారియర్ వేయించి, పాత ట్యూబు ముక్కతో కట్టండి. చీకటి పడితే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మంగళవారం నాడు సైకిలు ఇంట్లోనే ఉంచండి, మూడు లాంతర్ల కూడలి వైపు నడవడానికే చోటు ఉండదు.

చైనుకి కొబ్బరినూనె రాయవద్దు, మా ఇంట్లో కూడా అదే రాసేవారు. దుమ్ముతో కలిసి జిగురు కడుతుంది, పుష్యం చలికి గడ్డకడుతుంది. మిషన్ ఆయిల్ ఎండాకాలానికి బాగుంటుంది గానీ వానకి కడుక్కుపోతుంది. వానాకాలం కొత్త ఇంజిన్ ఆయిల్ చాలు. చైను లోపలివైపు ఒక్కో రోలరుకి ఒక్క చుక్క వేసి పావుగంట ఆగి, పైన మిగిలినదంతా గుడ్డతో తుడిచేయాలి. పైకి కనిపించే నూనె దుమ్ము పట్టడానికే తప్ప పనికిరాదు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక రోడ్ల మీద చెట్లు పడిపోయాయి, కరెంటు లేదు. మా అన్నయ్యగారి ఇంటికి వెళ్లి క్షేమం కనుక్కోవాలంటే నా సైకిలే దిక్కయింది. పడిన చెట్టు దగ్గర భుజాన వేసుకుని దాటాను, అవతల మళ్లీ ఎక్కాను. తెగడానికి కేబుళ్లూ వంగిపోవడానికి గేరు మార్చే పరికరాలూ లేని సైకిలు విలువ ఆ వారం నాకు బాగా తెలిసింది.

కాబట్టి ఈ ఆదివారం ఫ్రీవీలు, చైను కొలత, సీటు ఎత్తు, ఈ మూడూ చూసుకోండి. మూడు వారాలకీ మోకాలి నొప్పి తగ్గకపోతే తొక్కడం ఆపి ఎముకల డాక్టరుకి చూపించండి, అప్పుడది సైకిలు సంగతి కాకపోవచ్చు. తీసిన 16 పళ్ల ఫ్రీవీలుకి నూనె రాసి కాగితంలో చుట్టి దాచండి. శీతాకాలానికి కాళ్లు గట్టిపడి, 20 మరీ తేలికగా అనిపించిందంటే 18 తెచ్చుకోండి. 16 జోలికి మాత్రం మళ్లీ పోకండి, అది ఎవరైనా కుర్రాడు అడిగితే ఇచ్చెయ్యండి.